రెండు చెరువులు, నాలుగు వందల రొయ్యలు: పరిశోధన నిధులపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చోటికి చేరాయి: చేపల వేట మీద, పెంపకం మీద పరిశోధనకు నిధులు ఎలా అడగాలి, అడిగాక ఎక్కడ దెబ్బతింటున్నాం అని. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం. చెరువుల ప్రయోగం గురించిన జవాబు బాగా పొడుగైంది. ఎక్కువ దరఖాస్తులు బోల్తా పడేది అక్కడే మరి.

ప్రశ్న: మాది రొయ్యల రైతుల సంఘం. ‘సుస్థిర పద్ధతుల ద్వారా చెరువుల్లో దిగుబడి పెంపు’ అనే పేరుతో దరఖాస్తు పెట్టాం. ‘పరిశోధన ప్రశ్న స్పష్టంగా లేదు’ అని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు. లోపమేంటో చెప్పగలరా?

జవాబు: మీరు రాసింది కోరిక. దాన్ని ఎవరూ కాదనరు, కానీ పరీక్షించే దారి లేదు. దరఖాస్తు చదివేవాళ్లు వెతికేది, ప్రయోగం ముగిశాక ‘అవును’, ‘కాదు’, లేదా ‘ఇంత’ అని తేల్చి చెప్పగలిగే వాక్యం. ఉదాహరణకు ఇలా రాయొచ్చు: ‘వెనామీ రొయ్యల మేతలో చేపపొడిని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించి, ఆ లోటును సోయాపిండితో పూడ్చి, లైసిన్, మెథియోనిన్ రెండు మేతల్లోనూ సమానంగా ఉంచితే, 100 రోజుల పెంపకంలో ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి పట్టే మేత కిలోలు) 0.1కి మించి పెరుగుతుందా?’

ఏం మారుస్తున్నారు, దేన్ని కదపకుండా ఉంచుతున్నారు, ఏం కొలుస్తారు, ఎన్ని రోజులు, ఎంత తేడా వస్తే తేడా అంటారు... అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. అమైనో ఆమ్లాల మాట అందులో ఊరికే పెట్టింది కాదు. సోయాలో మెథియోనిన్ తక్కువ. దాన్ని సరిచేయకుండా చేపపొడి తీసేసి, రొయ్య ఎదగలేదంటే మీరు పరీక్షించింది సోయాని కాదు, మెథియోనిన్ లోపాన్ని. భాస్వరం సంగతీ అంతే: సోయాలో ఉన్న భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, రొయ్యకు సరిగా అందదు. గుళిక నీళ్లలో ఎంతసేపు విడిపోకుండా నిలుస్తుందో రెండు మేతలకూ కొలిచి రాయండి. ఒకటి అరగంటలో కరిగిపోయి, రెండోది రెండు గంటలు నిలిస్తే ఎఫ్‌సీఆర్‌లో వచ్చే తేడా పోషకాల వల్ల వచ్చింది కాదు.

ఆ 0.1 ఎక్కడినుంచి వచ్చిందని తప్పకుండా అడుగుతారు. అది మీ ఖాతా పుస్తకంలోంచి రావాలి. ఎఫ్‌సీఆర్ 1.4 నుంచి 1.5కి పెరిగిందంటే కిలో రొయ్యకు 100 గ్రాముల మేత ఎక్కువ పడుతోందని. కొత్త మేత కనీసం 6.7 శాతం చవకగా ఉంటేనే రైతుకు సరికి సరి. అంత చవకగా దొరకదంటే మీ పరిమితి 0.1 కంటే చిన్నదిగా ఉండాలి. ఈ లెక్క మూడు వరుసల్లో చూపించిన దరఖాస్తుకు మిగతా ఇరవై పేజీల కంటే ఎక్కువ విలువ ఉంటుంది. ఫలితం ఇలా వస్తే ఎవరు ఏం మార్చుకుంటారు, అలా వస్తే ఏం మార్చుకుంటారు అన్నది కూడా రాయండి. ఎటు వచ్చినా ఎవరూ ఏమీ మార్చుకోరంటే ఆ ప్రయోగానికి డబ్బు అడగడం అనవసరం.

ప్రశ్న: రెండు చెరువుల్లో ఒకదానికి ప్రొబయోటిక్ (మేలు చేసే బాక్టీరియా) వేసి, రెండోదాన్ని మామూలుగా వదిలేస్తాం. ఒక్కో చెరువులో 200 రొయ్యలు తూస్తాం. మొత్తం 400 నమూనాలు. ఇంత చేస్తామన్నా ‘నమూనా సంఖ్య చాలదు’ అన్నారు. ఇంకెన్ని తూయాలి?

జవాబు: నాలుగు వేలు తూసినా చాలదు. మీ నమూనా సంఖ్య 400 కాదు, ఒకటీ ఒకటీ. ప్రొబయోటిక్ వేసింది రొయ్యకు కాదు, చెరువుకు. ఒకే చెరువులో రొయ్యలన్నీ అవే నీళ్లు, అదే మట్టి, అదే ఏరేటర్, అదే కూలీ చేతి మేత పంచుకుంటాయి. ఆ చెరువులో రొయ్య బరువెక్కింది ప్రొబయోటిక్ వల్లనా, అడుగు మట్టి బాగుండటం వల్లనా అన్నది 200 రొయ్యలూ కలిసి కూడా చెప్పలేవు. స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1984లో ఈ పొరపాటుకు ‘సూడోరెప్లికేషన్’ అని పేరు పెట్టాడు, అంటే దొంగ పునరావృతం. నలభై ఏళ్లు దాటినా ఆక్వా దరఖాస్తుల్లో ఇంకా ఇదే మొదటి జబ్బు.

ఎన్ని చెరువులు కావాలో మీ పాత పట్టుబడి లెక్కలే చెబుతాయి. ఒకేలా చూసుకున్న చెరువుల హెక్టారు దిగుబడులు తీసుకుని, వాటి ప్రామాణిక విచలనాన్ని (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలతని) సగటుతో భాగించండి. 20 శాతం వచ్చిందనుకుందాం. మీరు పట్టుకోవాలనుకునే తేడా కూడా 20 శాతమే అయితే, 16ను ఆ రెండింటి నిష్పత్తి వర్గంతో గుణించాలి. నిష్పత్తి ఒకటి కాబట్టి ఒక్కో పద్ధతికి 16 చెరువులు, మొత్తం 32. నిజంగా తేడా ఉంటే పదింట ఎనిమిదిసార్లు దాన్ని పట్టుకునే లెక్క ఇది. 10 శాతం తేడా పట్టుకోవాలంటే నిష్పత్తి 2, వర్గం 4, ఒక్కో పద్ధతికి 64 చెరువులు. తేడాను సగానికి తగ్గిస్తే చెరువులు నాలుగు రెట్లు. చిన్న తేడాల వేట ఎంత ఖరీదో ఇక్కడే అర్థమవుతుంది.

అన్ని చెరువులు ఎక్కడివి అంటారు. జతలు కట్టండి. ఒక్కో రైతు పక్కపక్కనే ఉన్న రెండు చెరువులు ఇస్తాడు. ఒకే కాలువ నీళ్లు, ఒకే హేచరీ బ్యాచ్ పిల్లలు, ఒకే రోజు వదలడం, ఒకే సాంద్రత. ఒకదానికి ప్రొబయోటిక్, రెండోదానికి లేదు. రైతుకూ రైతుకూ మధ్య ఉన్న తేడా అంతా ఇక్కడ కొట్టుకుపోతుంది, మిగిలేది జతలోని తేడానే. జతలోని తేడాల విచలనం 20 శాతం, మీరు వెతికేదీ 20 శాతం అయితే లెక్క 8, చిన్న సంఖ్యల సర్దుబాటుకు ఇంకో 2 కలిపితే 10 జతలు. అంటే పది మంది రైతులు, 20 చెరువులు. సంఘానికి ఇది అందని పని కాదు.

జతలో ఏ చెరువుకు మందు పడాలో రైతును అడగొద్దు. తెలియకుండానే మంచి చెరువు చూపిస్తాడు. చీటీ తీయండి, చీటీ తీసిన రోజే తేదీ వేసి సంతకాలు పెట్టించండి. ప్రొబయోటిక్‌ను బెల్లం, తవుడుతో పులియబెట్టి వేస్తున్నట్టయితే, రెండో చెరువుకు కూడా అంతే బెల్లం, తవుడు బాక్టీరియా లేకుండా పడాలి. బెల్లం వల్ల కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి పెరిగితే నీళ్లలో ఉన్న మామూలు బాక్టీరియాయే అమ్మోనియాను తీసుకుంటుంది. ఆ ఫలితాన్ని ప్రొబయోటిక్ ఖాతాలో వేసుకున్న ప్రయోగాలు తక్కువేమీ కాదు.

మధ్యలో ఒక చెరువు జబ్బుతో పోతే ఏం చేస్తారో ముందే రాయాలి. పోయిన చెరువును లెక్కలోంచి తీసేస్తామంటే, బతికిన చెరువుల గురించి మాత్రమే మాట్లాడుతున్నట్టు. పోయినదాని దిగుబడి ఎంతైతే అంతే వేసి ఒకసారి, అది లేకుండా ఒకసారి, రెండు లెక్కలూ చూపుతామని రాయడం నిజాయతీ.

ఒకే చెరువులో 20 హాపాలు (వలగుడ్డతో చేసిన చిన్న పంజరాలు) కట్టి ఆ సంఖ్య చూపించొచ్చా అని కూడా కొందరు అడిగారు. రెండు రకాల చేపపిల్లల ఎదుగుదలను పోల్చడానికైతే సరే. నీటికి వేసే మందుకైతే కుదరదు, నీళ్లు హాపాల మధ్య ఆగవు కదా.

ప్రశ్న: ఎఫ్‌సీఆర్ లెక్కలో వేసిన పిల్లల బరువు తీసేయాలా?

జవాబు: తీసేయాలి. 20 గ్రాముల చేపపిల్లలు 5,000 వేశారంటే అప్పటికే చెరువులో 100 కిలోలు ఉన్నాయి. 3,600 కిలోల మేత వేసి 2,400 కిలోలు పట్టారనుకోండి. పట్టుబడితో భాగిస్తే 1.5. పెరిగిన 2,300 కిలోలతో భాగిస్తే 1.57. రొయ్యపిల్లల దశలో బరువు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి అక్కడ పట్టింపు లేదు. పెద్ద పిల్లలు వేసే చేపల చెరువుల్లో ఈ తేడా ప్రయోగ ఫలితాన్నే తారుమారు చేస్తుంది. మధ్యలో చచ్చి తీసేసిన చేపల బరువు విడిగా రాసుకుంటే రెండు ఎఫ్‌సీఆర్‌లు ఇవ్వొచ్చు: ఆ బరువు కూడా కలిపితే చేప శరీరం చెప్పేది, కలపకపోతే జేబు చెప్పేది. నమూనా కోసం విసురు వలను మేత వేసే చోటే వేయకండి. అక్కడికి ముందు చేరేవి పెద్దవే. చెరువు నాలుగు మూలలా, నడుమా వేయాలి.

ప్రశ్న: మా బోట్ల లాగ్‌బుక్కుల్లో పదేళ్ల వేట సమాచారం ఉంది. ఏ రోజు ఎన్ని గంటలు వల లాగాం, ఎంత పడింది, అన్నీ ఉన్నాయి. అయినా సముద్రంలో విడిగా సర్వే చేయడానికి నిధులు కావాలంటున్నారు శాస్త్రవేత్తలు. ఇది దుబారా కాదా?

జవాబు: లాగ్‌బుక్కులు బంగారమే, కానీ సర్వే చేసే పనిని అవి చేయలేవు. కారణం బోటు నడిపే సరంగు తెలివి. చేప ఎక్కడుందో అక్కడికే పోతాడు, అదే ఆయన పని. మంద తగ్గేకొద్దీ చేపలు మంచి చోట్లకే గుమిగూడతాయి. బోట్లు ఆ చోట్లకే చేరతాయి. గంటకు పడే చేప తగ్గదు, సముద్రంలో చేప మాత్రం తగ్గుతూనే ఉంటుంది. పుస్తకంలో గీత చదునుగా కనిపిస్తూ కనిపిస్తూ ఒక్కసారి కిందికి పడిపోతుంది.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప విషయంలో జరిగింది ఇదే. 1980లలో ఆ మంద అంచనాలు పెద్ద ట్రాలర్ల గంట వేట మీద బాగా ఆధారపడ్డాయి, ఉన్నదానికంటే ఎక్కువ చేప ఉన్నట్టు చూపాయి. తీరం దగ్గర వేటాడే చిన్న జాలర్లు చేప తగ్గిందని మొత్తుకుంటూనే ఉన్నారు. 1992 జులైలో వేట ఆపేశారు. 30 వేల మందికి పైగా పని పోయింది. రెండేళ్లకని మొదలైన నిషేధం 2024 దాకా సాగింది. ఏటా సర్వేకయ్యే ఖర్చు పక్కన ఈ నష్టం పెట్టి చూడండి.

సర్వేలో వల ఎక్కడ లాగాలో సరంగు చెప్పడు, పటం చెబుతుంది. సముద్రాన్ని లోతుల వారీగా పట్టీలుగా విడగొట్టి, ప్రతి పట్టీలో యాదృచ్ఛికంగా చోట్లు ఎంచుతారు. చేప ఉండదని తెలిసిన చోట కూడా లాగాల్సిందే, సున్నా కూడా సమాచారమే. ప్రతిసారీ అదే వల, అదే వేగం, అదే 30 నిమిషాలు. 3 నాట్ల వేగంతో, అంటే గంటకు 3 నాటికల్ మైళ్ల చొప్పున, అరగంట లాగితే 1.5 నాటికల్ మైళ్లు, అంటే 2.78 కిలోమీటర్లు. వల నోరు 20 మీటర్ల వెడల్పు తెరుచుకుంటే ఊడ్చిన మేర 0.056 చదరపు కిలోమీటర్లు. 25 కిలోలు పడితే చదరపు కిలోమీటరుకు సుమారు 450 కిలోలు. దారిలో ఉన్న చేపలో సగమే వలలో పడుతుందనుకుంటే 900. ఆ ‘సగం’ అనే అంకె మీదే మొత్తం అంచనా ఊగుతుంది కాబట్టి, మొత్తం టన్నుల కంటే ఏడాదికేడాది మార్పును నమ్మడం మేలు. మార్పును నమ్మాలంటే పద్ధతి మారకూడదు. బోటో వలో మార్చక తప్పకపోతే పాతదీ కొత్తదీ పక్కపక్కన లాగి ఎంత తేడా పడుతుందో కొలిచాకే మార్చాలి. ఈ పోలిక లాగుళ్లకు బడ్జెట్‌లో రోజులు పెట్టడం అందరూ మర్చిపోతారు.

అయితే మీ పుస్తకాలు మూలన పడేయమని కాదు. వాటిలో ఇంజన్ శక్తి, వల కొలత, సోనార్ పెట్టిన సంవత్సరం ఉంటే, గంట వేటలో పనితనం పెరగడం వల్ల వచ్చిన భాగం ఎంతో విడదీయొచ్చు. ఆ పనికి విడిగా దరఖాస్తు పెట్టండి. సర్వే బోటును అద్దెకు తెచ్చే బదులు మీ బోటే ఇస్తామని, లాగే చోటు మాత్రం వాళ్లు చెప్పినట్టే అని ఒప్పందం చేసుకుంటే ఇద్దరి పనీ అవుతుంది.

ప్రశ్న: చిన్న చేపలు తప్పించుకునేలా ట్రాల్ వల చివరి సంచికి చదరపు కన్ను పెట్టి పరీక్షించాలనుకుంటున్నాం. ఒకరోజు పాత వలతో, మరుసటి రోజు కొత్త వలతో వేటాడి పోలిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ రెండు రోజుల్లో గాలి, పోటు, నీటి మసక, చేప మంద అన్నీ మారతాయి.

ఇలాంటి పరీక్షకు ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, పరీక్షించే సంచి చుట్టూ ఇంకా చిన్న కన్ను ఉన్న కవరు సంచి తొడగడం. లోపలి సంచిలో మిగిలింది ఆగిన చేప, కవరులో పడింది తప్పించుకున్న చేప. ఒకే లాగుడులో రెండు లెక్కలూ వస్తాయి. కవరు పొడవు, వెడల్పు లోపలి సంచికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, మధ్యలో వలయాలు పెట్టి దూరంగా పట్టి ఉంచాలి. లేకపోతే కవరు వచ్చి సంచికి అతుక్కుని కన్నులు మూసేస్తుంది. చేప తప్పించుకోలేదని మీరు రాసుకుంటారు, అడ్డుకున్నది మీ కవరే. వాడుకలో ఉన్న డైమండ్ కన్నుకు కూడా ఇదే కవరుతో అన్ని లాగుళ్లు చేస్తేనే రెండూ పోల్చడానికి వస్తాయి.

ప్రతి చేప పొడవు కొలిచి, ఒక్కో సెంటీమీటరు తరగతిలో ఎన్ని ఆగాయి, ఎన్ని పోయాయి అన్నది రాయాలి. సగం ఆగి సగం పోయే పొడవును ఎల్ 50 అంటారు. దాన్ని కన్ను కొలతతో భాగిస్తే వచ్చేది ఆ జాతి ఎంపిక గుణకం. 40 మిల్లీమీటర్ల కన్నుకు ఎల్ 50 విలువ 12 సెంటీమీటర్లు అయితే గుణకం 3. ఆ చేప మొదటిసారి గుడ్లు పెట్టే పొడవు 15 సెంటీమీటర్లు అయితే, ఇదే గుణకంతో 50 మిల్లీమీటర్ల కన్ను వైపు చూడాలని లెక్క చెబుతోంది. 25 శాతం ఆగే పొడవుకూ 75 శాతం ఆగే పొడవుకూ మధ్య దూరం కూడా ఇవ్వండి. అది ఎక్కువైతే వల సరిగా ఏరడం లేదని అర్థం.

డైమండ్ కన్ను బరువు పడగానే సాగి మూసుకుంటుంది, చదరపు కన్ను తెరుచుకునే ఉంటుంది. అందుకే కన్ను కొలత ఒకటే అయినా ఫలితం వేరు. కానీ గుండ్రటి, నిడుపాటి చేపకు మేలు చేసే చదరపు కన్ను, బల్లపరుపు చేపకు అంతగా పనికిరాదు. వాటి ఒళ్లు డైమండ్ ఆకారానికే దగ్గర. జాతుల వారీగా విడగొట్టకుండా ‘చిన్న చేప ఇంత శాతం తగ్గింది’ అని రాసిన నివేదికకు అర్థం లేదు.

లాగుడుకూ లాగుడుకూ మధ్య తేడా ఎక్కువ కాబట్టి నాలుగైదు లాగుళ్లతో ఆపకండి. 20 దాకా పెట్టుకోండి. తప్పించుకున్న చేప బతుకుతుందా అన్నది వేరే ప్రశ్న. పొలుసులు రాలి రెండో రోజు చచ్చేదైతే చదరపు కన్ను పెట్టి లాభమేముంది? దాన్ని తేల్చడానికి తప్పించుకున్నవాటిని బోనుల్లో కొన్ని రోజులు ఉంచి చూస్తారు. బోనులో ఉంచడమే కొన్నిటిని చంపుతుంది, అందుకని వలలో పడని చేపల్ని కూడా అలాగే బోనులో ఉంచి పోల్చాలి.

ఇదే ఉత్తరంలో తాబేళ్ల టెడ్ (వలలోకి వచ్చిన తాబేలు బయటికి పోయేలా కడ్డీల చట్రం, ద్వారం ఉన్న పరికరం) గురించి కూడా అడిగారు. అమెరికా నిబంధనల ప్రకారం కడ్డీల మధ్య ఖాళీ 4 అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు మించకూడదు, వాలు 30 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలి. సరిగా అమర్చినది వలలోకి వచ్చిన తాబేళ్లలో 97 శాతాన్ని బయటికి పంపుతుందని అక్కడి మత్స్య విభాగం లెక్క. వాలు మరీ నిటారైతే చెత్త కడ్డీలకు చిక్కుకుంటుంది, మరీ పడుకుంటే రొయ్య ద్వారం గుండా జారిపోతుంది. ప్రయోగంలో రొయ్య నష్టం ఎక్కువ కనిపిస్తే పరికరాన్ని తిట్టే ముందు వాలు కొలవండి. తడిసి సాగిన వలలో వాలు మారుతుంది కాబట్టి మొదటి రోజు కొలత చాలదు.

ప్రశ్న: జబ్బు ఉందో లేదో చూడటానికి చెరువుకు ఎన్ని రొయ్యలు పరీక్షించాలి? పది పంపితే చాలదన్నారు.

జవాబు: నూటికి 10 రొయ్యల్లో జబ్బు ఉంటే, కనీసం ఒక్కటైనా దొరకాలని 95 శాతం నమ్మకం కావాలంటే సుమారు 30 కావాలి. నూటికి 5 అయితే 60. నూటికి 2 అయితే 150. పరీక్ష ఒక్క జబ్బు రొయ్యను కూడా వదలదనుకుంటేనే ఈ అంకెలు. పది రొయ్యల్లో ఏమీ దొరకలేదంటే, జబ్బు నాలుగో వంతు రొయ్యల్ని మించి లేదని మాత్రం కొంత ధీమాగా చెప్పొచ్చు, అంతే. ఖర్చు తగ్గించడానికి ఐదేసి రొయ్యల్ని కలిపి ఒక పీసీఆర్ (జబ్బు క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష) చేయొచ్చు. జబ్బు ఉందా లేదా తెలుస్తుంది, ఎన్నిటికి అన్నది సూటిగా తెలియదు.

చచ్చిన రొయ్యను పంపొద్దు. దాని జీర్ణగ్రంథి, అంటే హెపటోపాంక్రియాస్, చావగానే కరగడం మొదలవుతుంది. కణజాల పరీక్షకైతే బతికున్నదానికి డేవిడ్‌సన్ ద్రావణం (కణజాలం చెడకుండా నిలిపేది) ముందు హెపటోపాంక్రియాస్‌లోకి, తర్వాత కండలోకి సూదితో ఎక్కించి, రొయ్య పరిమాణానికి పది రెట్లు ద్రావణంలో ఉంచాలి. పీసీఆర్‌కైతే 95 శాతం ఇథనాల్. డేవిడ్‌సన్‌లో ఉంచినది పీసీఆర్‌కు పనికిరాదు, దాన్లోని ఆమ్లం డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. కాబట్టి రెండు సీసాలు, రెండు చీటీలు. చీటీ పెన్సిలుతో రాయాలి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

ప్రశ్న: బడ్జెట్ రాసేటప్పుడు ఎక్కువమంది ఏం మర్చిపోతారు? మా వంతు వాటాను బోట్ల రూపంలో చూపించొచ్చా?

జవాబు: మొదట మర్చిపోయేది కాలెండర్. మంజూరు పత్రం వచ్చి, డబ్బు ఖాతాలో పడి, పరికరాలు చేరేసరికి పిల్లలు వదిలే అదను దాటిపోతుంది. చెరువు ప్రయోగంలో అదను తప్పితే పోయేది నెల కాదు, పంట. మొదటి ఆరు నెలల్లో చెరువు పని ఏదీ పెట్టకుండా కొనుగోళ్లు, శిక్షణ, పాత లెక్కల సేకరణ పెట్టుకోండి. కొత్త జాతి అభివృద్ధి లాంటి పనులకైతే రెండేళ్ల నిధి అసలు సరిపోదు. 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన, గిఫ్ట్ అనే మెరుగైన తిలాపియా చేప రకాన్ని తయారుచేసే పనిలో ఆఫ్రికాలోని నాలుగు దేశాల నుంచి తెచ్చిన అడవి చేపల్ని, ఆసియాలో పెంచుతున్న నాలుగు రకాల్ని కలిపి తరం తర్వాత తరం ఎంపిక చేశారు. తరానికి ఇంత అని కొలిచేదాన్ని, రెండేళ్లలో చూపమంటే ఎవరి చేతిలో ఉంది?

రెండోది, కొలిచే పరికరాల పోషణ. ఆక్సిజన్ మీటరు ఒక్కటే కొంటారు. అది చెడిన రాత్రి మళ్లీ రాదు. రెండు కొనండి, మెంబ్రేన్లు, ద్రావణం విడిగా రాయండి. మీటరులో ఉప్పదనం సరిచేయకుండా వాడటం ఇంకో తప్పు. 28 డిగ్రీల మంచినీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 7.8 మిల్లీగ్రాముల దాకా నిలుస్తుంది, సముద్రపు నీళ్లలో సుమారు 6.4 మాత్రమే. ఉప్పదనం సున్నా అని వదిలేసిన మీటరు ఐదో వంతు ఎక్కువ చూపుతుంది. అమ్మోనియా కొలిస్తే అదే క్షణంలో పీహెచ్, ఉష్ణోగ్రత కూడా కొలవాలి. 28 డిగ్రీల మంచినీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషపు రూపం పీహెచ్ 7 దగ్గర 0.7 శాతం, 8 దగ్గర 6.5 శాతం, 9 దగ్గర 41 శాతం. పీహెచ్ లేని అమ్మోనియా అంకెతో ఏమీ తేలదు.

మూడోది గణాంక నిపుణుడి రుసుము. అది చివర్లో కాదు, మొదటి నెలలోనే పెట్టండి. సముద్రం పనికి వాతావరణపు రోజులు కలపండి: 20 లాగుళ్లు, రోజుకు నాలుగు అయితే ఐదు రోజులు, దానికి కనీసం ఇంకో రెండు.

బోట్ల వాటా విషయానికొస్తే, నిధి నియమాలు ఒప్పుకుంటే చూపించొచ్చు. ఏ రోజు, ఏ బోటు, ఎన్ని గంటలు, ఎంత డీజిల్, ఎవరెవరు కళాసీలు అన్నది ఆ రోజే రాసి సంతకం చేసిన కాగితం ఉండాలి. మూడు నెలల తర్వాత ఒకేసారి కూర్చుని నింపిన పుస్తకాన్ని ఆడిటర్ చూడగానే పట్టేస్తాడు, చేతిరాత, సిరా అన్నీ ఒకటే. అదే రోజును రెండు ప్రాజెక్టుల్లో చూపకూడదు. పరిశోధన లాగుళ్లలో పడిన చేప ఎవరిది, అమ్మితే డబ్బు ఎవరికి అన్నది మొదటి పడవ కదలకముందే కాగితం మీద ఉండాలి. స్నేహాలు చెడేది ఇక్కడే.

ప్రశ్న: పరిశోధన ఖర్చు ప్రభుత్వమే భరించాలి కదా, మా అమ్మకాల నుంచి సెస్సు ఎందుకు కట్టాలి?

జవాబు: పూర్తిగా ప్రభుత్వానికే వదిలేస్తే ప్రశ్నలు కూడా ప్రభుత్వమే ఎంచుతుంది. మూడు దేశాలు మూడు దారులు పట్టాయి. అమెరికాలో 1954 నాటి సాల్టన్‌స్టాల్-కెనడీ చట్టం ప్రకారం దిగుమతి మత్స్య ఉత్పత్తుల మీద వచ్చే సుంకంలో 30 శాతానికి సమానమైన మొత్తం ఒక నిధికి చేరుతుంది. జాలరి జేబు నుంచి పోదు, కానీ ఆ నిధిలో పరిశోధనకు ఎంత మిగలాలో ఏటా చట్టసభ తేలుస్తుంది, ఎక్కువ భాగం వేరే పనులకు మళ్లిన ఏళ్లే ఎక్కువ. నార్వేలో ఎగుమతి విలువ మీద 0.3 శాతం వసూలు చేసి, పరిశ్రమ ప్రతినిధులున్న నిధి ద్వారా ఖర్చు చేస్తారు. ఆస్ట్రేలియాలో 1991లో ఏర్పడిన మత్స్య పరిశోధన సంస్థకు, మత్స్య ఉత్పత్తి విలువలో అర శాతం ప్రభుత్వం ఇస్తుంది, పరిశ్రమ కట్టే పావు శాతం దాకా అంతే మొత్తం మళ్లీ కలుపుతుంది. మా అభిప్రాయంలో మూడోది మేలు. కట్టినవాడికి అడిగే హక్కు వస్తుంది, ప్రభుత్వపు వాటా ఉండటం వల్ల చిన్న జాలరి ప్రశ్నకు కూడా చోటుంటుంది.

విడిగా ఒక రైతు జబ్బు మీద పరిశోధన ఎందుకు చేయించడో ఆలోచించండి. ఖర్చు అతనిది, ఫలితం అందరిదీ. 2009లో చైనాలో మొదలై చుట్టుపక్కల దేశాల చెరువుల్ని ఖాళీ చేసిన ఈఎంఎస్ అనే రొయ్యల జబ్బుకు కారణం 2013 దాకా తెలియలేదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్‌నర్ బృందం అది విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియా పని అని తేల్చాకే సరైన పరీక్షలు వచ్చాయి. ఆ నాలుగేళ్లు ఒక్కో రైతు కొన్న మందుల ఖర్చు కలిపితే ఎన్ని ప్రయోగశాలలయ్యేవో! నార్వే సాల్మన్‌కు టీకాలు వచ్చాక, 1987లో 48 టన్నుల దాకా ఉన్న యాంటీబయోటిక్ వాడకం 1990ల చివరికి టన్ను లోపుకి పడింది, ఉత్పత్తి మాత్రం కొన్ని రెట్లు పెరిగింది.

ప్రశ్న: మేత కంపెనీ డబ్బుతో ప్రయోగం చేస్తే ఎవరైనా నమ్ముతారా? ఫలితం వాళ్లకు నచ్చకపోతే?

జవాబు: డబ్బు ఎవరిదైనా నమ్మించేది ఒప్పంద పత్రం. ప్రచురణకు ముందు చదువుకోవడానికి కంపెనీకి 30 రోజులో, 60 రోజులో ఇవ్వండి. ఆపే హక్కు మాత్రం ఇవ్వొద్దు. మేత సంచుల మీద పేర్లు తీసేసి ‘అ’, ‘ఆ’ అని రాయించండి. ఏది ఏదన్నది మూసిన కవరులో సంబంధం లేని మూడో మనిషి దగ్గర ఉండాలి, విశ్లేషణ పూర్తయ్యాకే తెరవాలి. మేత వేసేవాడికి, తూచేవాడికి తెలియకూడదు. రంగు, వాసన బట్టి కనిపెట్టేలా ఉంటే కనీసం తూచేవాడినైనా మార్చండి. ఏం కొలుస్తారు, ఎలా విశ్లేషిస్తారు అన్నది మొదటి పిల్ల నీళ్లలో పడకముందే రాసి, తేదీ వేసి, నిధి ఇచ్చేవాళ్లకూ సంఘానికీ ఒక్కో ప్రతి ఇచ్చేయండి. తర్వాత ఎఫ్‌సీఆర్ నచ్చక ‘రంగు బాగుంది’ అని కొత్త కొలత తెచ్చినా, అది ముందు అనుకున్నది కాదని అందరికీ తెలుస్తుంది.